ఓము సూత్రమూ, మా చిన్నాయన మోటారూ

పదో తరగతి భౌతికశాస్త్రంలో ఓమ్ నియమం ప్రశ్నకు నాకు పూర్తి మార్కులు వచ్చాయి. ఆ మార్కుల గర్వమే మా చిన్నాయన మోటారును కాల్చిందంటే అతిశయోక్తిగా తోచవచ్చు. అయినా ఆ సంగతి దాదాపు నలభై ఏళ్ళుగా నాలో మిగిలిపోయింది. వోల్టేజి, కరెంటు, నిరోధం, సామర్థ్యం అనే నాలుగు మాటల చరిత్రను మా సీమ పొలాల మీదుగా చెప్పుకొని, ఆ బరువు కొంత దించుకుందామని ఈ టపా.

అది 1987 వేసవి. కడప జిల్లాలో వేంపల్లెకు దగ్గరి పల్లె మాది. చిన్నాయనకు బావి కింద చీనీ తోట ఉండేది. ఐదేళ్ళ చెట్లు, తొలి కాపు. బావి మీద ఐదు హార్స్‌పవర్ల మోటారు. త్రీ ఫేజు కరెంటు వచ్చేది కొన్ని గంటలే కాబట్టి, వచ్చిందంటే చుట్టుపక్కల బావుల మీది మోటార్లన్నీ ఒక్కసారి మొదలయ్యేవి. ఆ వెంటనే షెడ్డులోని బల్బు నిప్పుకణికలా ఎర్రబడేది. పుస్తకం చదవడానికి కాదుగదా, స్టార్టరు మీట వెతుక్కోవడానికి కూడా ఆ వెలుగు చాలేది కాదు.

ఒక రాత్రి ఆ బల్బు వంక చూస్తూ చిన్నాయన అడిగాడు. "అబ్బోడా, నువ్వు సైన్సు చదివినావు గదా. ఓల్టేజి ఇంత తక్కువున్నెప్పుడు మోటరు ఏస్తే ఏమన్నా అవుతాదా?"

నేను క్షణం కూడా ఆలోచించలేదు. "ఏం కాదు చిన్నాయనా. వోల్టేజి తగ్గితే కరెంటు కూడా తగ్గుతుంది. మోటరు నిదానంగా తిరుగుతాది, అంతే" అన్నాను. సూత్రం అలాగే ఉంది మరి. కరెంటు అంటే వోల్టేజిని నిరోధంతో భాగించగా వచ్చినది. పైది తగ్గితే ఫలితమూ తగ్గాలి.

తెల్లవారి షెడ్డు తలుపు తీస్తే వార్నిషు కాలిన వాసన. తీగచుట్టలు బొగ్గయిపోయాయి. స్టార్టరులోని ఓవర్‌లోడ్ రిలే మాటిమాటికీ పడిపోతోందని దాన్ని ఎప్పుడో కట్టేసి ఉన్నారు. ఫ్యూజుకు బదులు లావుపాటి తీగ చుట్టి ఉంది. కాపాడేవేవీ లేవు. ఉన్నది నా సూత్రం ఒక్కటే. రీవైండింగు అంగడిలో అప్పటికే మా మోటారు లాంటివి వరసగా పేర్చి ఉన్నాయి. మా వంతు వచ్చేసరికి రెండు వారాలు పట్టింది. ఆలోగా చీనీ పిందెలు రాలి చెట్ల కింద పరుచుకున్నాయి. రీవైండింగుకు అప్పు తెచ్చిన చిన్నాయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

ఓము మొదట తప్పాడు

తరవాత కర్నూలులో చదువుకొనే రోజుల్లో ఓము కథ తెలిసింది. గెయోర్గ్ సైమన్ ఓమ్ 1789లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ఒక తాళాల పనివాడికి పుట్టాడు. కొలోన్ నగరంలో బడిపంతులుగా ఉంటూ, తన పరికరాలు తానే చేసుకొని, తీగల గుండా విద్యుత్తు ఎలా పారుతుందో కొలవడం మొదలుపెట్టాడు. 1825లో ఆయన ప్రకటించిన మొదటి సూత్రం తప్పు! కారణం వింటే సీమవాసులకు నవ్వూ, సానుభూతీ రెండూ కలుగుతాయి. ఆయన వాడిన వోల్టా ఘటాల బలం నిలకడగా ఉండేది కాదు. కరెంటు తీసుకొనే కొద్దీ వోల్టేజి పడిపోయేది. మా పల్లెలో సాయంత్రం ఏడింటికి జరిగేదే ఆయన బల్ల మీదా జరిగింది.

పోగెన్‌డార్ఫ్ అనే సంపాదకుడు ఇచ్చిన సలహాతో ఓము ఘటాలను వదిలి, బిస్మతు, రాగి కలిపిన ఉష్ణయుగ్మాన్ని చేపట్టాడు. ఒక కొసను మంచులోనూ, మరో కొసను మరిగే నీటిలోనూ ఉంచితే ఆ రెండింటి ఉష్ణోగ్రతలు మారవు, కాబట్టి వోల్టేజీ మారదు. అలా నిలకడ దొరికాక 1826లో అసలు సంబంధం బయటపడింది. 1827లో అది పుస్తకంగా వచ్చింది. సొంత దేశంలో దాన్ని ఆదరించినవారు తక్కువ. ఆయన ఉద్యోగం వదిలి ఏళ్ళ తరబడి అరకొరగా బతికాడు. 1841లో లండను రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చాక గానీ గౌరవం దక్కలేదు. కోరుకున్న మ్యూనిక్ ఆచార్య పదవి 1852లో వచ్చింది, 1854లో ఆయన కన్నుమూశాడు. 1881లో పారిస్‌లో కూడిన విద్యుత్ మహాసభ ఓము, వోల్టు, ఆంపియరు అనే ప్రమాణాలను అంగీకరించింది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఓము చెప్పింది తీగల గురించి. అదీ ఉష్ణోగ్రత మారనంతవరకే. పాఠ్యపుస్తకంలో ఆ షరతు మొదటి వాక్యంలోనే ఉంటుంది. మార్కుల కోసం ఆ వాక్యాన్ని నేనూ రాశాను. అర్థం మాత్రం చేసుకోలేదు.

బల్బు వేరు, మోటారు వేరు

షెడ్డులోని బల్బునే తీసుకుందాం. 240 వోల్టుల దగ్గర 60 వాట్ల బల్బు. సామర్థ్యమంటే వోల్టేజిని కరెంటుతో గుణించగా వచ్చేది. 60ని 240తో భాగిస్తే పావు ఆంపియరు. 240ని ఆ పావుతో భాగిస్తే నిరోధం 960 ఓములు. ఇప్పుడు వోల్టేజి 160కి పడిపోయిందనుకోండి. నిరోధం మారకపోతే కరెంటు ఆంపియరులో ఆరో వంతు, సామర్థ్యం సుమారు 27 వాట్లు. (నిజానికి తంతువు చల్లబడితే దాని నిరోధమూ తగ్గుతుంది కాబట్టి కరెంటు ఇంకాస్త ఎక్కువే ఉంటుంది.) ఏమైనా వోల్టేజి తగ్గితే బల్బులో కరెంటు తగ్గుతుంది. నేను చిన్నాయనకు చెప్పింది బల్బు విషయంలో నిజం.

మోటారు అలా కాదు. దాన్ని ఆపి, ఓమ్‌మీటరుతో చుట్టను కొలిస్తే వచ్చేవి కొద్ది ఓములే. నడుస్తున్నప్పుడు వోల్టేజిని కరెంటుతో భాగిస్తే దానికి ఎన్నో రెట్లు వస్తుంది. ఆ తేడా తీగది కాదు, తిరగడానిది. తిరిగే మోటారు తనలో తాను ఒక ఎదురు వోల్టేజిని పుట్టించుకొని, వచ్చే కరెంటును వెనక్కి నెడుతుంది. అందుకే మోటారు వేసిన మొదటి క్షణంలో, ఇంకా తిరగక ముందు, మామూలుకు ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. తిరగడం అందుకున్నాక శాంతిస్తుంది.

బావిలో నీళ్ళు అంతే లోతున ఉంటాయి. పైకి ఎత్తవలసిన బరువూ అంతే. వోల్టేజి తగ్గినా పంపు అడిగే పని పెద్దగా తగ్గదు. ఆ పని చేయాలంటే, వోల్టేజి తగ్గిన మేరకు మోటారు కరెంటును పెంచుకోవాలి. మూడు ఫేజుల లెక్క ఇలా ఉంటుంది: 1.732ను వోల్టేజితో, కరెంటుతో, సామర్థ్య గుణకంతో గుణించాలి. 415 వోల్టులు, 8 ఆంపియర్లు, గుణకం 0.8 అయితే సుమారు 4600 వాట్లు లోపలికి పోతున్నట్టు. అందులో నూటికి 80 పాళ్ళు ఇరుసుకు చేరితే సుమారు 3700 వాట్లు. హార్స్‌పవరుకు 746 వాట్లు కాబట్టి, అది ఐదు హార్స్‌పవర్లు. సరిగ్గా మా మోటారు.

అదే పని 300 వోల్టుల మీద చేయమంటే కరెంటు 11 ఆంపియర్లకు పెరుగుతుంది. ఎనిమిదికి పదకొండే గదా అనిపిస్తుంది. కానీ తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుందని ఇంగ్లండులో జేమ్స్ జౌల్ 1841లోనే తేల్చాడు. 11 వర్గాన్ని 8 వర్గంతో భాగించండి. వేడి దాదాపు రెండింతలు! మరోవైపు మోటారు తిప్పుడు బలం వోల్టేజి వర్గాన్ని బట్టి పడిపోతుంది. 300 దగ్గర ఉండేది సగమే. ఒకవేళ ఆ సగం చాలక తిరగడమే మానేస్తే ఎదురు వోల్టేజి ఉండదు, కరెంటుకు అడ్డూ ఉండదు. ఆ రాత్రి మా షెడ్డులో జరిగింది ఇదే.

తీగ పొడవున పోయిన కరెంటు

వోల్టేజి ఎందుకు పడిపోయేదన్నది తరవాతి ప్రశ్న. దీనికి మాత్రం ఓము సూత్రమే జవాబు. ఊరి ట్రాన్స్‌ఫార్మరు నుంచి పొలాలకు 415 వోల్టుల తీగలు కిలోమీటర్ల కొద్దీ సాగేవి. కిలోమీటరు తీగకు ఒక ఓము నిరోధం అనుకుందాం. ఆ కొసన పది మోటార్లు, తలా 8 ఆంపియర్లు. ఒక్కో తీగలో 80 ఆంపియర్లు పారితే దారిలోనే 80 వోల్టులు కరిగిపోతాయి. ఫేజుకు 240 బయలుదేరితే కొసకు చేరేది 160. మూడు ఫేజుల లెక్కన 277. ఇక వేడి చూడండి. 80 వర్గం 6400, అంటే తీగకు 6400 వాట్లు. మూడు తీగలకు 19 కిలోవాట్ల పైచిలుకు గాలిలో కలిసిపోతున్నట్టు. పది మోటార్లు కలిసి నీటికి ఇచ్చేది 37 కిలోవాట్లయితే, అందులో సగం కాకులు కూర్చునే తీగలను కాస్తోంది.

అదే సామర్థ్యాన్ని 11 వేల వోల్టుల మీద బావుల దాకా తెచ్చి, అక్కడ చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెడితే? కరెంటు 80 నుంచి 3 ఆంపియర్లకు తగ్గుతుంది. తీగలో పోయే వోల్టులు మూడు, వేడి తొమ్మిది వాట్లు. 6400 ఎక్కడ, 9 ఎక్కడ! ఎలక్ట్రిసిటీ వాళ్ళు ఈ శతాబ్దం మొదటి దశకంలో మా వైపు రెండు మూడు మోటార్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు బిగించుకుంటూ వచ్చారు. దాని వెనక ఉన్న గణితమంతా ఇంతే. శ్రీశైలం నుంచి కరెంటు రావడంలోనూ ఇదే లెక్క. 1963 జూలై 24న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ప్రాజెక్టు కుడిగట్టు కేంద్రంలో 110 మెగావాట్ల యంత్రాలు ఏడు ఉన్నాయి. మొదటిది 1982లో తిరిగింది. ఒక యంత్రం ఇచ్చే 110 మెగావాట్లను 220 వేల వోల్టుల మీద పంపితే తీగలో పారేది సుమారు 290 ఆంపియర్లు. 11 వేల మీద పంపితే దానికి ఇరవై రెట్లు, వేడి నాలుగు వందల రెట్లు.

కపిల నుంచి హార్స్‌పవరుకు

తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై నంద్యాల, ప్రొద్దుటూరు మీదుగా కడప దాకా పారే కె.సి. కాలువను మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1860లలో తవ్వింది. నష్టాల్లో కూరుకుపోయిన ఆ కాలువను ప్రభుత్వం 1882లో కొనుక్కుంది. ఆ కాలువ కింద ఉన్నవారు అదృష్టవంతులు. మిగిలిన మెట్ట సీమకు బావే దిక్కు. ఎద్దులు ఏటవాలుగా దిగుతూ, ఎక్కుతూ తోలు బానలతో నీళ్ళు తోడే కపిలలు మా తాత తరం దాకా ఉండేవి. తన ఆవిరియంత్రాలు ఎన్ని గుర్రాల పెట్టని కొనేవారికి నచ్చజెప్పడానికి జేమ్స్ వాట్ పద్దెనిమిదో శతాబ్దంలో హార్స్‌పవరు లెక్క కట్టాడు. గుర్రాన్ని నాగలికి గానీ కపిలకు గానీ కట్టి ఎరగని మా ఊళ్ళో, రెండు వందల ఏళ్ళ తరవాత, ప్రతి రైతు నోటా ఆ మాటే. "మూడు హెచ్.పి.," "ఐదు హెచ్.పి." ఎద్దులకు పెట్టిన పేర్లు పోయి మోటార్లకు అంకెలు మిగిలాయి.

ఆంధ్రప్రదేశ్ విద్యుచ్ఛక్తి మండలి 1959 ఏప్రిల్ 1న ఏర్పడింది. తరవాతి రెండు దశాబ్దాల్లో మోటార్లు పల్లెలకు పాకాయి. మొదట్లో బావి మోటారుకు కూడా మీటరు ఉండేది. 1980ల ఆరంభంలో ఆ పద్ధతి పోయి, మోటారు సామర్థ్యాన్ని బట్టి ఒకే మొత్తం కట్టే స్లాబు పద్ధతి వచ్చింది. 1983లో అధికారానికి వచ్చిన ఎన్.టి. రామారావు ప్రభుత్వం హార్స్‌పవరుకు ఏడాదికి 50 రూపాయలు చాలన్నది. మా చిన్నాయన లాంటివాళ్ళకు 250 రూపాయలతో ఏడాది గడిచింది. పైన చెప్పిన 4.6 కిలోవాట్ల మోటారు రోజుకు ఎనిమిది గంటల చొప్పున 150 రోజులు నడిస్తే 5500 యూనిట్లు. యూనిట్టు ఐదు పైసల లోపే పడినట్టు.

ఆ చవకను తప్పుపట్టే మనసు నాకు లేదు. కాలువ కింది రైతుకు నీళ్ళు తమంత తాము పారి వస్తాయి. మెట్ట రైతు ప్రతి బానెడు నీటినీ భూమి నుంచి పెరుక్కోవాలి. అయితే మీటరుతో పాటు మరొకటి కూడా పోయింది. కొలవడం పోయింది. డబ్బు కట్టేది మోటారు మీద అతికించిన రేకులోని అంకెకే గానీ, తీగలో పారే కరెంటుకు కాదు. మూడు హెచ్.పి. అని రాసిన రేకు కింద ఆరు హెచ్.పి. లాగే మోటార్లు పుట్టుకొచ్చాయి. టాంగ్ టెస్టరు తగిలించి, వోల్టేజి, కరెంటు, గుణకం గుణిస్తే గాని అది తేలదు. అటు మండలికీ వ్యవసాయానికి ఎంత పోతోందో తెలియలేదు. కొలిచిన వాడకం తీసేయగా మిగిలిన దానిలో రైతు వాడింది ఎంత, తీగలు తిన్నది ఎంత, దొంగలు ఎత్తుకుపోయింది ఎంత అన్నది ఎవరి అంచనా వారిదయింది. ట్రాన్స్‌ఫార్మర్లకు నమూనా మీటర్లు పెట్టి లెక్కలు కట్టడం విద్యుత్ నియంత్రణ మండలి వచ్చాక గానీ గట్టిపడలేదు.

1999లో విద్యుత్ మండలిని విడదీశారు. 2000లో పంపిణీ సంస్థలు ఏర్పడ్డాయి. పక్కపక్కనే ఉన్న కడప తిరుపతి సంస్థకూ, కర్నూలు హైదరాబాదు సంస్థకూ పోయాయి. రాష్ట్ర విభజన జరిగిన 2014లో గానీ అవి మళ్ళీ ఒకే గూటికి చేరలేదు. ఛార్జీల పెంపు మీద ఉద్యమం రేగి, 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో తుపాకులు పేలాయి. 2004 మే 14న మా పులివెందులకు చెందిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉచిత విద్యుత్తు దస్త్రం మీద సంతకం చేశారు. ఆ పథకంలో తరవాతి ఏడాది చేర్చిన షరతులు నాకు మరీ ముఖ్యంగా తోస్తాయి. కెపాసిటరు, ఐ.ఎస్.ఐ. గుర్తున్న పంపు, రాపిడి తక్కువుండే ఫుట్‌వాల్వు, నున్నటి ప్లాస్టిక్ గొట్టాలు ఉండాలన్నారు. కెపాసిటరు బిగిస్తే గుణకం పెరుగుతుంది, అదే పనికి తీగల్లో కరెంటు తగ్గుతుంది, కరెంటు తగ్గితే దాని వర్గంగా వేడి తగ్గుతుంది. చాలామంది దాన్ని అధికారి చూసి వెళ్ళేదాకా బిగించి, తరవాత పక్కన పెట్టారన్నది వేరే సంగతి. దాని వల్ల తనకేం లాభమో రైతుకు అంకెలు వేసి చూపినవారు అరుదు.

ఇప్పుడు కర్నూలు ఓర్వకల్లు, గని ప్రాంతాల్లో 2017లో పూర్తయిన వెయ్యి మెగావాట్ల సౌర ఉద్యానం ఉంది. ఒక పలక 36 వోల్టుల దగ్గర 8 ఆంపియర్లు ఇస్తుందనుకుంటే 288 వాట్లు. వెయ్యి మెగావాట్లకు అలాంటివి సుమారు 35 లక్షలు కావాలి. మమ్మల్ని మాడ్చిన ఎండే మోటార్లు తిప్పే రోజు వచ్చింది. గుణకారం మాత్రం అదే.

గీత పెట్టిన వోల్టుమీటరు

చదువు ముగించుకొని ఊరికి వచ్చినప్పుడు చిన్నాయన కోసం కర్నూలు నుంచి ఒక వోల్టుమీటరు తెచ్చాను. షెడ్డు గోడకు బిగించి, 350 దగ్గర అద్దం మీద ఎర్ర రంగుతో గీత గీశాను. రిలేకు కట్టిన తాడు విప్పేశాను. "ముల్లు ఈ గీతకు కిందున్నెప్పుడు మోటరు ఏయొద్దు చిన్నాయనా" అన్నాను. ఆయన చదువుకున్నవాడు కాదు. అయినా ఆ ముల్లును ఆకాశంలో మబ్బును చూసినంత శ్రద్ధగా చూసేవాడు. ఆ తరవాత ఆ మోటారు మళ్ళీ కాలలేదు.

ఆయన పోయే ముందు ఏడాది, ఇద్దరమే బావిగట్టు మీద కూర్చున్నప్పుడు, ధైర్యం చేసి ఆ పాత రాత్రి సంగతి ఎత్తాను. నా మాట వల్లే మోటారు కాలిందనీ, బల్బు సూత్రాన్ని మోటారుకు చెప్పాననీ అన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"నువ్వు జెప్పకపోయినా ఏసేవాణ్ణేలేరా. చెట్లు ఎండుతాండె గదా" అన్నాడు.

వోల్టేజి, కరెంటు తెలిస్తే నిరోధమూ సామర్థ్యమూ కనుక్కోవచ్చు. ఎండుతున్న తోట ముందు నిలబడ్డవాడికి గీత దాటకుండా ఆగడం ఎంత కష్టమో మాత్రం ఆ రోజు ఆయన చెబితేనే నాకు తెలిసింది. మీ ఊళ్ళలోనూ ఇలాంటి మోటార్ల కథలు ఉండే ఉంటాయి. రాయండి, చదువుకుందాం.